చిటికెన వేలిదాకా పోతే

ఆదివారం పొద్దున లేవగానే లాల్‌సింగ్ మనసులో మూడు పనులు ఖాయం చేసుకున్నాడు. ఒకటి, తండా నుంచి చండ్రుగొండ వెళ్లి మేక తొడ తేవడం. రెండు, కూతురు ఇష్టపడిన కుర్రవాడి చేత దాన్ని వండించడం. మూడు, వండింది బాగాలేదని చెప్పి కుర్రవాణ్ని మర్యాదగా బస్సెక్కించడం.

మొదటి పని ఎనిమిది గంటలకల్లా అయిపోయింది. కుర్రవాడు ఫోన్‌లో చెప్పినట్టే తొడను అడ్డంగా, ఎముక లేకుండా, రెండు వేళ్ల మందాన రెండు ముక్కలు కోయించాడు. మిగతాది కూరకు కొట్టించాడు. కోసేవాడు కత్తి ఆపి, "గింత మందం ముక్క ఎట్ల ఉడుకుతది సార్?" అని అడిగాడు.

"ఉడకదు. అందుకే కోయిస్తున్న," అన్నాడు లాల్‌సింగ్.

వంట విషయంలో లాల్‌సింగ్ మాటకు ఆ చుట్టుపక్కల తిరుగులేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఒక గిరిజన హాస్టల్లో మూడు వందల మంది పిల్లలకు వండి పెట్టి రిటైరయ్యాడు. ఇప్పటికీ ఏ తండాలో పెళ్లి జరిగినా పెద్ద గుండిగ పక్కన ఆయన ఉండాల్సిందే. మాంసం ఉడికిందో లేదో మూత తీయకుండా ఆవిరి వాసన పట్టి చెప్పేస్తాడు. ఆయన లెక్కలో లోకంలో మాంసం రెండే రకాలు: ఉడికింది, ఉడకంది. మూడోది లేదు.

కుర్రవాడి పేరు నాని. హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో షెఫ్. చెయ్యి కాలి ఆసుపత్రికి వెళ్తే, అప్పట్లో అక్కడ నర్సింగ్ చదువుతున్న లాల్‌సింగ్ కూతురు సంగీత కట్టు కట్టింది. ఆ కట్టు విప్పినా వాళ్ల పరిచయం విప్పుకోలేదు. సంగీతకు ఇప్పుడు కొత్తగూడెం సర్కారు దవాఖానాలో ఉద్యోగం. నాని తండ్రి వెంకటరామారావుకు సత్తుపల్లి దగ్గర పామాయిల్ తోటలున్నాయి. వాళ్ల తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. విషయం తెలిసినప్పుడు ఆయన ఒకే మాట అన్నాడు: "వాడిష్టం వాడిది. నేను మాత్రం ఆ తండాలో గడప తొక్కను."

ఆ మాట తండా దాకా రావడానికి రెండు రోజులు పట్టింది. "తొక్కకుంటే మంచిదే. నా గడప అరగకుండ ఉంటది," అన్నాడు లాల్‌సింగ్. పైకి అలా అన్నాడు గానీ ఆ రాత్రి అన్నం సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు. అది జరిగి ఎనిమిది నెలలు. సంగీత బతిమాలగా బతిమాలగా, చివరికి భార్య రుక్మిణి కూడా ఏడవగా, కుర్రవాణ్ని చూడటానికి ఒప్పుకున్నాడు. "వంటోడు అన్నరు గద. వచ్చి వండుమను. చూద్దాం," అన్నాడు.

పది గంటలకు నాని బస్సు దిగాడు. భుజాన సంచి, సంచిలో పిల్లాడంత బరువున్న ఇనప పెనం. సంగీతకు మధ్యాహ్నం రెండింటి దాకా డ్యూటీ. కాబట్టి పరిచయం చేసేవాళ్లు ఎవరూ లేరు. నాని వంగి దండం పెట్టాడు. లాల్‌సింగ్ పెనం వంక చూసి, "ఇది దొడ్డ ఉన్నది," అన్నాడు. అంతకుమించి మర్యాదలు జరగలేదు.

పెరట్లో రేకుల పందిరి కింద కట్టెల పొయ్యి రాజేశారు. రుక్మిణి లోపలి వంటింట్లో కూర, జొన్న రొట్టెల పనిలో ఉంది. వంటింటి కిటికీ పెరట్లోకే తెరుచుకుంటుంది.

నాని సంచంతా వెతికి నుదురు కొట్టుకున్నాడు. మాంసంలో గుచ్చి లోపలి వేడి చూసే థర్మామీటర్ హైదరాబాద్‌లోనే మర్చిపోయాడు. కిటికీ దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఇంట్లో థర్మామీటర్ ఏమైనా ఉందా అండీ?" అని అడిగాడు.

"ఎవరికి జరం బాబూ?"

"జ్వరం కాదండీ. అంకుల్‌కి ఒకసారి చూపిద్దామని."

కూతురు నర్సు కాబట్టి ఆ ఇంట్లో థర్మామీటర్ ఉంది. రుక్మిణి తీసి ఇచ్చింది. ఇచ్చాక కిటికీ వదల్లేదు.

నాని దాన్ని అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు. "ఇది నూట ఎనిమిది దాటి చూపించదు అంకుల్. మనకి నూట ముప్పై దాటాలి."

'నూట ముప్పై' అన్న మాట రుక్మిణి చెవిలో పడింది. జ్వరం నూట ముప్పై ఉండదని ఆమెకు తెలుసు. బీపీ అయి ఉంటుందనుకుంది. మగనికి బీపీ ఉన్నట్టు తనకెవరూ చెప్పలేదు. రొట్టె ఒకవైపు కాస్త ఎక్కువ కాలింది.

పొయ్యి దగ్గర నాని అసలు ప్రశ్న అడిగాడు. "మీకు ఎంత ఉడికితే ఇష్టం అంకుల్?"

లాల్‌సింగ్‌కు ప్రశ్న అర్థం కాలేదు. "మొత్తం ఉడికితే ఇష్టం."

"అలా కాదండీ. స్టేక్‌లో, అంటే ఇలా పెనం మీద కాల్చే మందపాటి ముక్కలో, చాలా రకాలుంటాయి. లోపల బాగా ఎర్రగా ఉంటే రేర్. కొంచెం తగ్గితే మీడియం రేర్. గులాబీ రంగులో ఉంటే మీడియం. అసలు ఎరుపే లేకపోతే వెల్ డన్."

"కోసి చూస్తే తెలుస్తది గద."

"కోస్తే లోపలి రసం పోతుందండీ. కోయకుండా చెప్పాలి. థర్మామీటర్ లేదు కాబట్టి చేత్తో చూడాలి."

కోయకుండా చెప్పాలి అన్న మాట లాల్‌సింగ్‌కు నచ్చింది. మూత తీయకుండా చెప్పడం లాంటిదే అది. నచ్చినట్టు కనబడకుండా స్టూలు కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

నాని ఆయన ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. "బొటనవేలి కొస చూపుడు వేలికి ఆనించండి. ఇప్పుడు బొటనవేలి కింద ఈ కండ నొక్కండి. మెత్తగా ఉందా? మాంసం కూడా ఇంతే మెత్తగా ఉంటే రేర్ అన్నట్టు. ఇప్పుడు మధ్య వేలికి మార్చండి. కొంచెం బిగిసింది కదా? ఇది మీడియం రేర్. ఉంగరం వేలు... ఇంకా బిగిసింది."

"అవ్. బిగిసింది," అన్నాడు లాల్‌సింగ్.

"చిటికెన వేలిదాకా పోయిందంటే మాత్రం ఇక అయిపోయినట్టే. ఎవరూ ఏం చేయలేరు."

పెనం మీద ముక్క చుయ్యిమంటోంది. ఆ చప్పుడులో కిటికీ వెనక రుక్మిణికి మాటలు అతుకులు అతుకులుగా వినిపించాయి. రేర్ అన్నాడు కుర్రవాడు. రేర్ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. దవాఖానాలో ఏదైనా అంతుపట్టని జబ్బు వస్తే సంగీత ఫోన్‌లో 'రేర్ కేసు' అంటుంది. తొంగి చూస్తే మగడు ఎడమ చెయ్యి ముందు పెట్టుకుని, ఒక్కో వేలూ బొటనవేలికి ఆనిస్తూ, కండ నొక్కుకుంటూ, ముఖం గంభీరంగా పెట్టుకుని కూర్చున్నాడు. చిటికెన వేలు దగ్గరికి వచ్చి, నొక్కి, తల అడ్డంగా ఊపాడు.

రుక్మిణి చిన్నాన్నకు పక్షవాతం ఇలాగే చేతితోనే మొదలైంది.

ఆమె బయటికి వచ్చి, మగణ్ని అడిగే ధైర్యం లేక, నానిని పక్కకు పిలిచి, "బాబూ, నిజం చెప్పు. ఎట్లున్నది?" అంది.

ఆవిడ వంట గురించే అడుగుతోందని నాని అనుకున్నాడు. "పైకి బాగానే కనిపిస్తోంది ఆంటీ. లోపలే ఎలా ఉందో ఇంకా తెలియట్లేదు. మీరు కంగారు పడకండి. ఇలాంటివి నేను రోజుకి నలభై చూస్తాను."

ఆ హోటల్లో తిని రోజుకు నలభై మంది పడిపోతున్నారా అని రుక్మిణి నివ్వెరపోయింది. ఇంతలో నాని పొయ్యి దగ్గరికి పరుగెత్తి, పట్టకారుతో ముక్కను పళ్లెంలోకి దించి, గట్టిగా అన్నాడు: "ఇక రెస్ట్! పది నిమిషాలు కదపకూడదు, ముట్టుకోకూడదు. ఇప్పుడు ముట్టుకుంటే లోపలిదంతా కారిపోతుంది!"

రుక్మిణి ఫోన్ తీసుకుని పశువుల కొట్టం వెనక్కి పోయింది. మొదటి కాల్ జూలూరుపాడులో ఉన్న అన్న హాతీరాంకు. పెళ్లి మాటలైనా, పంచాయితీలైనా ఆ చుట్టు తండాల్లో హాతీరాం లేకుండా తెగవు. "అన్నా, మీ బావకు చెయ్యి పడిపోయింది. జల్దీ రా," అంది. రెండో కాల్ కూతురికి.

"యాడీ, సరిగ్గ చెప్పు. మూతి వంకర పోయిందా? మాట వస్తున్నదా?" అని అడిగింది సంగీత.

"ఇప్పటి దాక వస్తున్నది. మూతి ఇంక పోలే," అంది రుక్మిణి, పోయేదే అన్నట్టు.

సంగీత డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి స్కూటీ తీసింది. నానికి ఫోన్ చేస్తే మోగింది గానీ ఎత్తలేదు. ఫోన్ సంచిలో, సంచి లోపలి గదిలో ఉంది. ఇంకో నంబర్ ఉందేమో అడుగుదామని నాని చెల్లెలు ఉదయశ్రీకి చేసింది. ఆ ఇంట్లో సంగీతతో మాట్లాడేది ఆ పిల్ల ఒక్కతే. అప్పటికి స్కూటీ అడవి దారిలో పడింది. "నాని ఫోన్ ఎత్తట్లేదు..." అన్నది వినిపించింది. తండ్రి గురించి చెప్పిన "మా బాకు" అన్నది టేకు చెట్లు మింగేశాయి. "చెయ్యి పడిపోయింది... మా ఇంట్ల..." అన్నది స్పష్టంగా వినిపించింది. తర్వాత సిగ్నల్ పోయింది.

ఉదయశ్రీ వేసిన కేకకు వెంకటరామారావు చేతిలో పేపరు జారిపోయింది.

ఈ సంగతులేవీ తెలియని లాల్‌సింగ్ పెరట్లో పది నిమిషాలు ఓపిగ్గా కూర్చున్నాడు. ఆ పది నిమిషాలూ నాని ఆయన్ను ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు. మూత తీయకుండా ఎలా చెప్తారు? నీళ్లు తగ్గినప్పుడు వాసన మారుతుందా, చప్పుడు మారుతుందా? లాల్‌సింగ్ మొదట ముక్తసరిగా, తర్వాత కొంచెం పొడుగ్గా, ఆ తర్వాత చేతులూపుతూ జవాబులు చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. బాగుంది అన్నవాళ్లే గానీ, ఎలా అన్నవాళ్లు లేరు. మూడో పని కొంచెం కష్టమయ్యేట్టుందని ఆయనకు అనిపించింది.

అంతలో నాని ముక్కను కోశాడు. లోపల చక్కటి గులాబీ రంగు.

పని మళ్లీ సులువైంది. "ఇది లేచి మ్యా అంటది," అన్నాడు లాల్‌సింగ్.

"అంకుల్, మధ్య వేలు పద్ధతిలో కరెక్ట్‌గా వచ్చింది అండీ."

"నీ మధ్య వేలుకు వచ్చి ఉంటది. నా మధ్య వేలుకు రాలే. పట్టు, నొక్కు." నాని నొక్కి చూశాడు. గరిట తిప్పీ కట్టెలు కొట్టీ బిరుసెక్కిన చెయ్యి అది. మధ్య వేలికి ఆనించినా బొటనవేలి కింద కండ బండరాయిలా ఉంది. "మళ్ల పెట్టు పెనం మీద. నా చెయ్యంత గట్టిగ అయ్యేదాక తియ్యకు," అన్నాడు లాల్‌సింగ్.

ఇంటి పెద్ద మాట కాదనలేక నాని పెట్టాడు. ఇరవై నిమిషాలు పెట్టాడు. పొగకు అతని కళ్లు ఎర్రబడి నీళ్లు కారాయి. చివరికి ముక్క లాల్‌సింగ్ అరచేతితో సమానమైంది. చెప్పు అట్టతో కూడా సమానమైంది. తన తీర్పే కాబట్టి తినక తప్పదు. లాల్‌సింగ్ పెద్ద తునకే నోట్లో వేసుకున్నాడు.

అది తెగలేదు. ఆయనకు ఎడమవైపు దవడ పళ్లు లేవు. కుడివైపుకు తోసి నమలబోతే మూతి మొత్తం కుడివైపుకు లాక్కుపోయింది. మింగబోతే గొంతు ఒప్పుకోలేదు. కుర్రవాడి ముందు ఉమ్మబోతే పరువు ఒప్పుకోలేదు. చెమటలు పట్టాయి. కళ్లు తేలేశాడు.

సరిగ్గా అప్పుడే హాతీరాం ఆటో వాకిట్లో ఆగింది. వెనక సీట్లోంచి జూలూరుపాడు ఆర్‌ఎంపీ లచ్చయ్య సెలైన్ సీసా గుండెలకు హత్తుకుని దిగాడు. ఆటో చూసి సగం తండా వెంట వచ్చింది.

"బావా! ఏమైంది బావా?" అని అరిచాడు హాతీరాం.

"మ్మ్... మ్మొ... మాంమ్..." అన్నాడు లాల్‌సింగ్.

"మాట గూడ పోయింది!" రుక్మిణి నేల మీద కూలబడింది.

నలుగురు కలిసి ఆయన్ను ఎత్తి నులకమంచం మీద పడేశారు. లచ్చయ్య మూతి చూశాడు, కనురెప్ప ఎత్తి చూశాడు. "ఏమన్న పేరు చెప్పిండ్రా దీనికి?" అని అడిగాడు.

"మీడియం రేర్ అన్నడు ఆ బాబు," అంది రుక్మిణి ఏడుస్తూ.

లచ్చయ్య ఆ పేరు ఎప్పుడూ వినలేదు. అయినా చాలాసార్లు విన్నట్టు తల పంకించి, "మీడియంల ఉంటే భయం లేదు. సెలైన్ ఎక్కిద్దాం," అన్నాడు. ఏ జబ్బుకైనా ఆయన సెలైనే ఎక్కిస్తాడు. కుడి చేతికి సూది గుచ్చాడు. ఎడమ చెయ్యి కదలకుండా అట్టముక్క పెట్టి మోచేతి నుంచి వేళ్ల దాకా కట్టు కట్టాడు. సీసా పట్టుకునే పని పక్కింటి పూలికి అప్పజెప్పాడు.

నాని జనాన్ని తోసుకుని వచ్చాడు. "అయ్యో, అంకుల్‌కి ఏమీ కాలేదండీ! అదంతా మాంసం గురించి! రేర్ అంటే..."

హాతీరాం అతని ఎర్రటి కళ్లు చూసి కరిగిపోయాడు. భుజం తట్టి, "ఏడ్వకు బిడ్డా. మంచి మనసు నీది. మేమున్నం గద," అని పక్కన కూర్చోబెట్టాడు.

అయిదు నిమిషాలకు లాల్‌సింగ్ ఆ తునకను ఎలాగో మింగి, "నాకేం గాలే!" అని గర్జించాడు.

"అందరు గట్లనే అంటరు. అదే మొదటి లక్షణం," అన్నాడు లచ్చయ్య.

"పెద్ద దవాఖానాకు తీస్కపోవాలె. ఆటోల పడుకోబెడితే ఆగం అయితడు. నేను పోయి జీపు తెస్త," అని హాతీరాం పరుగెత్తాడు.

అతను అలా వెళ్లగానే సంగీత స్కూటీ వచ్చింది. హెల్మెట్ కూడా తీయకుండా మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. "బా, ఒకసారి నవ్వు."

"ఏం జూసి నవ్వాలె?"

"రెండు చేతులు పైకి లేపు."

"కట్టేసిండ్రు గద!"

"నీ పేరు, తారీఖు చెప్పు."

లాల్‌సింగ్ తన పేరు, తారీఖుతో పాటు లచ్చయ్యను, బామ్మర్దిని, మొత్తం తండాను ఉద్దేశించి ఇంకా చాలా చెప్పాడు. ఒక్క మాట కూడా తడబడలేదు. సంగీత లేచి నిలబడి హెల్మెట్ తీసింది. "మనిషి బాగనే ఉన్నడు. యాడీ, అసలు నువ్వేం విన్నవ్?"

రుక్మిణి వరసగా చెప్పింది. నూట ముప్పై, రేర్, బిగుసుకుపోవడం, చిటికెన వేలు, పది నిమిషాల రెస్ట్. ఒక్కొక్కటి చెప్తున్నకొద్దీ నాని తల కిందికి దిగిపోయింది. సంగీత కొంగు లేక అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పూలికి ముందుగా నవ్వు ఆగలేదు; సీసా ఊగింది. తర్వాత ఎవరికీ ఆగలేదు. లచ్చయ్య మాత్రం గంభీరంగా, "అందుకే నేను ఉప్పునీళ్లే ఎక్కించిన," అన్నాడు.

లాల్‌సింగ్‌కు నవ్వు రాలేదు. "నాని, రెండో ముక్క వెయ్యి పెనం మీద. నా చెయ్యి సంగతి గింతమంది ముంగట తేలాలె," అన్నాడు. కుర్రవాణ్ని ఆయన పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. సంగీత గమనించింది.

నాని ముక్క వేశాడు. ఒకవైపు కాలింది. తిప్పాడు. అప్పుడు వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది.

వెంకటరామారావు డ్రైవర్ సీట్లోంచి దిగి, తలుపు వేయకుండానే, జనంలోంచి దారి చేసుకుని నేరుగా లోపలికి వచ్చాడు. గడప తొక్కాడో దాటాడో ఆయనకే తెలియదు. కొడుకు పొయ్యి దగ్గర నిలబడి కనిపించాడు. రెండు అంగల్లో వెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఏదిరా? ఏ చెయ్యి? వేళ్లు ఆడించు! ఆడించు నాన్నా!"

నాని అయోమయంగా పది వేళ్లూ ఆడించాడు. తండ్రి ఒక్కో వేలూ ముట్టుకుని చూశాడు. నలభై అయిదు కిలోమీటర్లు ఆయన ఒకటే అనుకుంటూ వచ్చాడు: వంట పని చేసుకుని బతుకుతున్నాడని తాను ఎగతాళి చేసిన ఆ చెయ్యే లేకపోతే వీడేమైపోతాడు? వెనకే వచ్చిన తల్లి రాఘవమ్మ కొడుకును ఆపాదమస్తకం చూసి, చెంగుతో కళ్లు తుడుచుకుంది.

అప్పుడు గానీ వెంకటరామారావుకు తానెక్కడ నిలబడ్డాడో తెలియలేదు. చుట్టూ ముప్పై మంది. ఎదురుగా మంచం మీద, ఒక చేతికి కట్టు, ఇంకో చేతికి సూదితో ఇంటి యజమాని. వెనక్కి తిరిగి వెళ్లిపోవడానికి ఆయన పాదం కదిలింది కూడా.

"కాసిని మంచినీళ్లు ఇస్తావా అమ్మా?" అంటూ రాఘవమ్మ రుక్మిణి పక్కన అరుగు మీద కూర్చుంది. భార్య కూర్చున్నాక ఆయన వెళ్లడానికి వీల్లేకపోయింది.

ఇంతలో లాల్‌సింగ్ ముక్కుపుటాలు అదిరాయి. పొయ్యి వైపు నుంచి వాసన మారింది. ఒక్క ఉదుటున మంచం దిగాడు. సెలైన్ గొట్టం వెంట పూలి పరుగెత్తింది. వంగి ముక్కను వేలితో నొక్కాడు. పోల్చుకోవడానికి ఎడమ చెయ్యి చూసుకున్నాడు. అట్టముక్క.

"చెయ్యి! ఎవరిదన్న చెయ్యి కావాలె!" చుట్టూ చూశాడు. అందరికంటే దగ్గరగా వెంకటరామారావు ఉన్నాడు. "సార్, మీ చెయ్యి జర ఇయ్యుండ్రి."

"దేనికండీ?"

"జల్దీ! లేకుంటే మాడుతది!"

రైతుకు మాడిపోతుంది అన్న మాట చాలు. వెంకటరామారావు చెయ్యి చాపాడు. లాల్‌సింగ్ ఆయన బొటనవేలిని మధ్య వేలికి ఆనించి, కింద కండను నొక్కాడు. మాంసాన్ని నొక్కాడు. మళ్లీ కండను. "మీ చెయ్యి మెత్తగున్నది సార్. నాది బండ. అందుకే పొద్దుగాల మోసపోయిన."

"తోటలో కూలీలే చేస్తారండీ పనంతా," అన్నాడు వెంకటరామారావు, ఎందుకో తప్పు ఒప్పుకున్నట్టుగా.

"ఇంకొంచెం... ఇంకొంచెం... దించు!" అని నాని వైపు అరిచాడు లాల్‌సింగ్. "పది నిమిషాలు ఎవ్వరు ముట్టొద్దు!"

నాని దించాడు. ఇద్దరు తండ్రులూ పళ్లేనికి కాపలాగా నిలబడ్డారు. సెలైన్ గొట్టం ఇద్దరి మణికట్ల చుట్టూ మెలిపడి ఉండడంతో లాల్‌సింగ్ చెయ్యి వదల్లేదు. వెంకటరామారావు లాక్కోలేదు. "మీ పిల్లగాడు మంచిగ అడుగుతడు సార్. పని నేర్చుకునేటోడు," అన్నాడు లాల్‌సింగ్ పళ్లెం వంక చూస్తూ. వెంకటరామారావు గొంతు సవరించుకుని, "నేనెప్పుడూ వాడి వంట తినలేదండీ," అన్నాడు.

ఆ క్షణంలో జీపు తీసుకుని హాతీరాం వచ్చాడు. తాను వెళ్లాక ఏం జరిగిందో అతనికి తెలియదు. అతనికి కనిపించింది ఒకటే: తండా అంతా చుట్టూ నిలబడి ఉండగా, ఆడపిల్ల తండ్రీ మగపిల్లవాడి తండ్రీ చేతిలో చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నారు. చేతిలో చెయ్యి వేస్తే మాట ఇచ్చినట్టే.

"నేను లేకుండనే మాట ఖాయం చేసుకున్నరా?" అన్నాడు నిష్టూరంగా. ఆ వెంటనే ముఖం విప్పారింది. "పోనీ, పానం బాగలేని మనిషి, ఆగలేకపోయి ఉంటడు. బెల్లం తెండ్రి!"

"అది కాదండీ," అన్నాడు వెంకటరామారావు. "ఇది మాంసం కోసం..."

"మాంసం సంగతి తర్వాత సూద్దాం బావగారూ. ముందుగాల తీపి." పూలి వెంటనే పాట ఎత్తుకుంది. నలుగురు ఆడవాళ్లు గొంతు కలిపారు. రుక్మిణి పరుగున బెల్లం పళ్లెం తెచ్చి ఎవరి ముందు పెట్టాలో తెలియక నిలబడింది. రాఘవమ్మ లేచి, భర్త వంక చూడకుండా, ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. ఇంకొకటి తీసి సంగీత నోట్లో పెట్టింది.

వెంకటరామారావు తన చెయ్యి వంక చూసుకున్నాడు. వెనక్కి తీసుకోవచ్చు. ముప్పై మంది ముందు కష్టమే గానీ తీసుకోవచ్చు. పక్కన కొడుకు ముక్క కోస్తున్నాడు. కత్తి పట్టుకున్న ఆ చెయ్యి నిదానంగా, నమ్మకంగా, ఒక్కో వేలూ తన పని తాను చేసుకుంటూ కదులుతోంది. గంట కింద ఆయన ఆ చెయ్యి కోసం మొక్కని దేవుడు లేడు.

"మీరెప్పుడు ఖాళీగా ఉంటారో చెప్తే," అన్నాడు లాల్‌సింగ్‌తో మెల్లగా, "ముహూర్తం సంగతి మాట్లాడుకుందామండీ."

లాల్‌సింగ్ తల ఊపాడు. మాట పెగల్లేదు. ఈసారి నోట్లో ఏమీ లేదు.

ముక్క లోపల లేత గులాబీ రంగులో ఉంది. ముందు లాల్‌సింగ్ తిన్నాడు. ఎడమవైపు పళ్లు లేకపోయినా అడ్డం రాలేదు. కాసేపు కళ్లు మూసుకుని, "ఉడికింది కాదు, ఉడకంది కాదు," అన్నాడు. "ఇది వేరే." మిగతా జనానికి ఆ ముక్క ఎలాగూ చాలదు కాబట్టి రుక్మిణి కూర గిన్నె బయటికి తెచ్చింది. సెలైన్ అయిపోయేదాకా లచ్చయ్య కదలనన్నాడు. కూర అయిపోయాక కదిలాడు.

సాయంత్రం కారు సత్తుపల్లి దారి పట్టింది. సగం దారిలో వెంకటరామారావు స్టీరింగ్ మీద ఉన్న తన కుడి చెయ్యి వంక ఓసారి చూసి, "ఏమే, నేను వాళ్లకి మాటిచ్చానంటావా?" అని అడిగాడు.

"మాటివ్వలేదండీ, చెయ్యిచ్చారు," అంది రాఘవమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ. "చెయ్యిచ్చినవాణ్ని జనం తిట్టడమే చూశాను గానీ, పిలిచి బెల్లం పెట్టడం ఇదే చూడటం."